రగ్గు లేదు, బీ ఉన్నది

పీటీ సారు పోయారన్న ఫోను వచ్చినప్పుడు నా ఒడిలో సగం కత్తిరించిన చీర ఉంది. కొత్త చీరల వెనకవైపు వేలాడే దారాలు కత్తిరించి పంపడం నా పని. ఇంట్లోనే నేల మీద కూర్చుని చేస్తాను. ఫోను చేసింది పెద్దమ్మ, అంటే సారు భార్య. గోడాదరాలో మాదీ వాళ్లదీ ఒకే బిల్డింగు. వాళ్లు కింద, మేము పైన, మధ్యలో పద్నాలుగు మెట్లు. ఆమెకు కూడా కరోనా సోకి గదిలోనే ఉంది కాబట్టి ఆ పద్నాలుగు మెట్లకే ఫోను చేయాల్సి వచ్చింది.

“బిడ్డా, సారు పోయిండట” అంది.

ఆ ‘అట’ ఇంకా నా చెవిలోనే ఉంది. ఊళ్లోవాళ్ల కబుర్లు చెప్పేటప్పుడు అంటాం, ఫలానావాళ్లకు పిల్ల పుట్టిందట, ఫలానావాళ్లు ఇల్లు మారారట అని. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి గురించి ఆమె అట్లా చెప్పాల్సి వచ్చింది. ఆసుపత్రివాళ్లు ఫోనులో ఆమెకు చెప్పారు, ఆమె నాకు చెప్పింది. మా గల్లీలో ఎవరూ ఆయన్ను మళ్లీ చూడలేదు.

నేను తలుపు తీసుకుని దిగబోయాను. చెప్పుల చప్పుడు విని ఆమె లోపలి నుంచే అరిచింది. “కిందికి రాకు బిడ్డా. ఆడనే ఉండు.” ఏడో మెట్టు మీద ఆగిపోయాను. చేతిలో కత్తెర అట్లాగే ఉంది. ఆమె తలుపు వెనక, నేను మెట్టు మీద, ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. ఆమె ఏడుపు నాకు రెండుసార్లు వినిపించింది, తలుపు సందులోంచి ఒకసారి, ఫోనులోంచి ఒకసారి.

అప్పటి నుంచి ఒకచోట కూర్చోవడం నాకు చేతకావడం లేదు. నా పని కూర్చుని చేసేదే. అయినా ఒక చీర పూర్తయ్యేలోగా మూడుసార్లు లేస్తాను. డ్రమ్ములో నీళ్లున్నాయా అని చూస్తాను. పొయ్యి ఆర్పానా అని చూస్తాను. చూడడానికి ఏమీ లేకపోతే గుమ్మం దాకా వెళ్లి వస్తాను. ఇది రాస్తూ కూడా లేస్తూనే ఉన్నాను. చదివేవాళ్లకు ఎక్కడైనా మాట తెగినట్టనిపిస్తే అక్కడ నేను లేచి వెళ్లాననుకోండి.

నేను చదివింది ఏడో తరగతి వరకే. సారు గురించి రాయడానికి ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఆయన నన్ను ఒకటి అడిగారు. నేను కాదన్నాను. తర్వాత సరేనని చెబుదామనుకునేసరికి వినడానికి ఆయన లేరు. అందుకే రాస్తున్నాను.

ఆయన పనిచేసింది మున్సిపాలిటీ స్కూల్లో. అక్కడ తెలుగు తరగతులూ హిందీ తరగతులూ ఉంటాయి. తెలుగు తరగతుల్లో ఉండేది మగ్గాల పని కోసం సిరిసిల్ల వైపు నుంచీ కరీంనగర్ వైపు నుంచీ ఈ గుజరాతీ ఊరికి వచ్చినవాళ్ల పిల్లలు. సారు కూడా చిన్న వయసులో సాంచెలు నడిపినవారే. కరెంటు మగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. ఆ హోరుకు ఆయన చెవులు సగం పోయాయి. తర్వాత చదువుకుని మాస్టరయినా చెవులు తిరిగి రాలేదు. అందుకని ఏం చెప్పినా అరిచినట్టే చెప్పేవారు. నేనేమో నా మాట నాకే వినపడనట్టు మాట్లాడతాను. మేమిద్దరం మెట్ల దగ్గర మాట్లాడుకుంటుంటే దారిన పోయేవాళ్లు ఆయన నన్ను తిడుతున్నారనుకునేవాళ్లు. ఒకరోజు ఎవరో ఆగి, “ఎందుకు సారూ ఆ పిల్లను గట్ల అంటవ్?” అని అడిగారు కూడా. ఆయన నన్ను అడిగింది మా ఇంట్లో కరివేపాకు ఉందా అని.

విజిల్‌ను ఆయన సాంచె దారాలు నాలుగైదు కలిపి పేనిన తాడుకు కట్టుకునేవారు. కొన్న తాడు ఆయనకు నచ్చేది కాదు. ఆదివారం తల స్నానం చేసినా విజిల్ మెడలోనే ఉండేది. పెద్దమ్మ విసుక్కునేది, “తానంల గూడ పోరగాండ్లున్నరా?” అని.

కరోనా రాకముందు రగ్బీ సంఘం వాళ్లు స్కూళ్ల పీటీ మాస్టర్లకు కొద్దిరోజులు ఆట నేర్పారు. సారు వెళ్లి ఒక బంతితో తిరిగొచ్చారు. దాన్ని మెట్ల మీద పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. నేను బకెట్టుతో పైకి ఎక్కుతున్నాను. రెండు కొనలూ సన్నగా, నడుమ లావుగా ఉన్న ఆ బంతిని చూసి నోరు ఆగలేదు. అడగకుండా నేను ఆయనతో మాట్లాడిన మొదటి మాట అదే.

“సారూ, గిది నాడె లెక్క ఉన్నదేంది?”

నాడె అంటే మగ్గంలో అడ్డంగా దారాన్ని మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తేది. రెండు కొనలూ మొనదేలి ఉంటుంది. సారు రెండోసారి చెప్పించుకున్నారు. విన్నాక తొడ మీద చరుచుకున్నారు.

“రెండు రోజుల సంది పోరగాండ్లకు ఎట్ల చెప్పాల్నా అని తలకాయ పగలగొట్టుకుంటున్న బిడ్డా! ఈ ఆటల బంతి ముందటికి ఇసరొద్దు. పక్కకిసరాలె, ఎనకకిసరాలె. ఎందుకు సార్, ఎందుకు సార్ అని పానం తీస్తున్రు. నాడె ఎన్నడన్న ముందటికి పోతదా? అటు పోతది, ఇటు పోతది. గుడ్డ ముందటికి నడుస్తది. గంతే!”

మర్నాటి నుంచి స్కూల్లో అది నాడెబంతి అయిపోయింది. ఆ పేరు ఎవరు పెట్టారని ఎవరైనా అడిగితే సారు పైకి, మా గుమ్మం వైపు చూపించేవారు. నేను తలుపు చాటుకు పోయేదాన్ని.

తర్వాత అన్నీ మూతపడ్డాయి. మా ఆయన పనిచేసేది జోల్వాలో, సాంచెల ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో. అదీ ఆగింది. గల్లీలో చాలామంది ఊళ్లకు వెళ్లిపోయారు. వెళ్లలేనివాళ్లం మిగిలాం. స్కూలు గేటు దగ్గర బియ్యం, పప్పు, నూనె పంచేవారు. వరుస నిలబెట్టే పని సారుది. నేల మీద సున్నంతో గుండ్రాలు గీసి, ఒక్కో గుండ్రంలో ఒక్కరు. ఎవరైనా ముందుకు జరిగితే విజిల్. ఆ నెలల్లో సారు విజిల్ వినపడితే చాలు, ఆడవాళ్లు సంచి పట్టుకుని బయల్దేరడం అలవాటైపోయింది. ఈ అలవాటు తర్వాత ఏం చేసిందో చెబుతాను.

చలికాలానికి ఖాతాలు తెరిచారు. తరగతులు లేకపోయినా స్కూలు మైదానంలో ఆదివారం పూట పిల్లలు ఆడుకోవచ్చన్నారు. సారు మగపిల్లలను పోగుచేసి నాడెబంతి మొదలుపెట్టారు. ఆట కాగానే బంతిని సబ్బుతో కడిగి, ఉల్లిగడ్డల జాలి సంచిలో వేసి, వాళ్ల వరండా కొక్కేనికి తగిలించేవారు. మా గుమ్మంలోంచి కిందికి చూస్తే అది ఊగుతూ కనిపించేది.

ఒక ఆదివారం రగ్బీ సంఘం నుంచి ఒక మేడమ్ వచ్చి ఆట చూసింది. మరిన్ని బంతులు ఇస్తామంది, వారానికోసారి వచ్చి నేర్పుతానంది. కానీ ఒక్క మాస్టరు నడిపేది ఆయన బదిలీతో ఆగిపోతుంది, ఆమె చాలా చోట్ల చూసిందట. అందుకని స్కూలు మైదానం ఇస్తున్నట్టు రాసివ్వాలి, తల్లిదండ్రులు కలవాలి, ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు ఆసరా ఉండాలి. ఆడపిల్లలు కూడా ఆడాలి. ఇవన్నీ ఉంటేనే వస్తామంది.

సారు మా గుమ్మం బయట నిలబడి అదంతా చెప్పారు. “బీము ఒక్కడు లేపుతడా బిడ్డా? నలుగురు పట్టాలె” అన్నారు. బీము అంటే సాంచె మీదికెక్కించే నూలు చుట్టిన పెద్ద రోలరు. “మగోళ్లు ఖాతాలకు పోతరు. ఇండ్లల్ల ఉండేది తల్లులు. నేను పోయి తలుపు కొడితె ఈ సారు ఏందో అడగనొచ్చిండని లోపలికి పోతరు. నువ్వు చెప్పు.”

“నేనా?”

“నువ్వే. నల్లా కాడ గింత చెప్పు. సాలు.”

మర్నాడు నల్లా దగ్గర నా వెనక ఆరు బిందెలు. ముందు లక్ష్మక్క. మా గల్లీలో లక్ష్మక్కకు చెబితే అందరికీ చెప్పినట్టే. మూతికి మాస్కు ఉంది. మాస్కు లోపలి నుంచే అన్నాను.

“అక్కా, స్కూల్ల రగ్బీ ఉన్నదట. సారు పేర్లు రాసుకుంటున్నడు.”

“ఏందే? మూతికి గుడ్డ తీసి చెప్పు.”

తీయలేదు. ఇంకా మెల్లగా అన్నాను. “రగ్బీ అక్కా.”

“రగ్గు బీ!” లక్ష్మక్క బిందె కింద పెట్టేసింది. “అప్పుడు బియ్యమిచ్చిన్రు, పప్పిచ్చిన్రు. ఇప్పుడు రగ్గు బీ ఇస్తున్రా? రేపేనా?”

మా మాటల్లో ‘బీ’ అంటే కూడా అని. హిందీలోంచి వచ్చి మా నోళ్లలో ఉండిపోయింది. రగ్గు బీ అంటే రగ్గు కూడా. పైగా చలికాలం. కాదక్కా అనాలి. అనేలోగా ఆ మాట నా వెనక ఉన్న ఆరు బిందెలూ దాటి గల్లీ మూల తిరిగిపోయింది. నేను సగం బకెట్టుతో ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను.

పొద్దున స్కూలు గేటు దగ్గర వరుస కట్టారు. చేతుల్లో ఆధార్ జిరాక్సులు. కొందరు పెద్ద సంచులు తెచ్చారు. పాత సున్నం గుండ్రాలు చెరిగిపోయినా అలవాటు కొద్దీ దూరం దూరంగానే నిలబడ్డారు. సారు చంకలో బంతి పెట్టుకుని బయటికొచ్చి అట్లాగే ఆగిపోయారు. నేను గేటు స్తంభం వెనక ఉన్నాను. వెళ్లకుండా ఉండలేక వెళ్లాను, కనపడకుండా ఉండాలని స్తంభం వెనక నిలబడ్డాను.

“రగ్గులేవి సారూ?” లక్ష్మక్క అడిగింది.

“ఏం రగ్గులు?”

“మాకు తెల్వదనుకుంటున్నవా? రగ్గు బీ ఇస్తున్రట, పేర్లు రాసుకుంటున్రట.”

సారు తల తిప్పి వెతికారు. స్తంభం పక్కన నా చీర కుచ్చిళ్లు కనిపించినట్టున్నాయి. ఒక్క క్షణం అటు చూశారు. నా పేరు చెబుతారనుకున్నాను. చెప్పలేదు.

“రగ్గు లేదు” అన్నారు గట్టిగా. “బీ ఉన్నది.”

“బీ ఏందయ్యా?”

“మగపోరగాండ్లు ఆడుతున్నరు. ఇగ ఆడపిల్లలు బీ ఆడుతరు. గదే బీ. చెప్పున్రి, పేర్లు రాయాల్నా?”

కొందరు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. వచ్చినందుకు విషయమేమిటో తెలుసుకుందామని కొందరు ఆగారు. సారు ఆట చెప్పడం మొదలుపెట్టారు. బంతి పట్టుకుని ఉరకాలి, అవతలివాళ్లు నడుము పట్టి పడేస్తారు అనేసరికి గోల లేచింది. “పడేసుడా! పండ్లు రాలినంక ఎవడు చేసుకుంటడు సారూ?” అంది ఒకామె. “నీ పండ్లు ఏ ఆటల రాలినయే?” అంది పక్కామె. ఆమెకు ముందు పళ్లు రెండు లేవు.

“అందుకే ముందుగాల పడుడు నేర్పుత” అన్నారు సారు. “పడుడు నేర్సినోళ్లకు దెబ్బ తాకది. అయితె గీ నేల జర గట్టిగున్నది. మీ ఇండ్లల్ల పాత బొంతలుంటె తలా ఒకటి ఇయ్యున్రి, పరుస్తం.”

“ఓ సారూ!” లక్ష్మక్క నడుము మీద చేతులు పెట్టుకుంది. “రగ్గుల కోసమస్తె మా బొంతలే గుంజుకునేటట్టున్నవ్!”

అందరూ నవ్వారు. అప్పటికి ఎన్ని నెలలయిందో మా గల్లీ ఆడవాళ్లు ఒకచోట నిలబడి నవ్వి. ఆదివారానికి మైదానంలోకి తొమ్మిది బొంతలు వచ్చాయి. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టినవి. ఎవరి పెళ్లిచీర ఏ బొంతలో ఉందో తల్లులు వేలు పెట్టి చూపించుకున్నారు.

సాయంత్రం సారు మెట్ల దగ్గర కనిపిస్తే తల దించుకున్నాను. “తప్పయింది సారూ” అన్నాను. ఆయనకు వినపడలేదు. మళ్లీ అన్నాను.

“ఏం తప్పు? నేను మైకు పెట్టి ఒర్రినా గింత మంది రారు. నువ్వు మూతికి గుడ్డ పెట్టుకుని గొణిగితె అచ్చిన్రు” అని పెద్దగా నవ్వారు. ఆ రోజు నుంచి నన్ను పిలవాలంటే కింద నుంచి “బీ!” అని కేకేసేవారు. మా ఆయన కూడా నేర్చుకున్నాడు. కోపంలో ఉంటే నా పేరు పెట్టి పిలుస్తాడు, మంచిగా ఉంటే బీ.

పడడం నేర్పడానికి నెలన్నర పట్టింది. మేడమ్ చేసి చూపించేది. గడ్డం ఛాతీకి ఆనించాలి, చెయ్యి నేలకు పెట్టకూడదు, భుజం మీదుగా దొర్లాలి. ఆడపిల్లలు నవ్వుతూ పడ్డారు, ఏడుస్తూ పడ్డారు. అందరికన్నా చిన్నది పింకీ, లక్ష్మక్క కూతురు. పింకీ మాత్రం పడేది కాదు. బొంత దాకా ఉరికొచ్చి ఆగేది, మెల్లగా కూర్చునేది, తర్వాత నిద్రపోతున్నట్టు పక్కకు ఒరిగేది. “నా బిడ్డ బొంత సూస్తె పండుకుంటది సారూ, అలవాటు” అని లక్ష్మక్క ఎగతాళి చేసేది. సారు మాత్రం ఎప్పుడూ తోయలేదు. “దానికి నేల మీద నమ్మకం కుదరాలె. అప్పటిదాంక పండుకోనియ్యి” అనేవారు.

ఆటలో ఆయనకు నచ్చింది ఒకటుంది. ఎంత దూరం ఉరికొచ్చినా, ఎందరిని దాటినా, గీత అవతల వంగి బంతిని నేలకు ఆనిస్తేనే లెక్క. “గెలిసినోడు బీ నేలకు వంగాలె. గందుకే ఈ ఆట నాకు మంచిగనిపిస్తది” అని అందరికీ చెప్పేవారు, చెప్పినవాళ్లకే మళ్లీ చెప్పేవారు.

ప్రతి ఆదివారం ఇద్దరు తల్లులు వంతు. పిల్లల చేతులు కడిగించడం, బంతులు కడగడం, బొంతలు దులిపి మడతపెట్టడం. ఎవరి వంతు ఎప్పుడో రాసే పని నాది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. కాగితం స్కూలు గేటుకు అంటించేవాళ్లం. రాసింది నేనని ఎవరికీ తెలియనక్కర్లేదు కాబట్టి ఆ పని నాకు సుఖంగా ఉండేది.

ఊళ్లోవాళ్ల ఆసరా కోసం సారు మా ఆయన పనిచేసే ఖాతా శేఠ్ దగ్గరికి వెళ్లారు. పెద్దమ్మనూ నన్నూ వెంట తీసుకెళ్లారు. నేను పెద్దమ్మ వెనక నిలబడ్డాను. శేఠ్ బంతిని చేతిలోకి తీసుకుని, “మాస్టర్‌జీ, యే పప్పయ్యా హై క్యా?” అన్నాడు. సారు నవ్వి, బొప్పాయి కాదు, మీ సాంచెల్లో ఉరికేదే ఇది, కొంచెం బలిసింది అని హిందీలో చెప్పి, నాడె సంగతంతా వివరించారు. మగ్గం మాట వచ్చేసరికి శేఠ్ కుర్చీలోంచి ముందుకు జరిగాడు. డిజైను తప్పిన గుడ్డ తానొకటి ఇప్పించాడు, పిల్లల చొక్కాలకు. గులాబీ రంగు మీద పళ్లెమంత పసుపు పూలు.

చొక్కాలు నేను కుట్టాను. మొదటి ఆదివారమే చంకల దగ్గర అన్నీ పర్రున చిరిగాయి. పట్టి లాగే ఆట అని తెలిసి కూడా మామూలు కుట్టు వేశాను. ఆ వారమంతా ఒక్కో చొక్కా తిప్పి, చంక దగ్గర జానెడు పట్టీ వేసి, మూడు వరుసలు కుట్టాను. మళ్లీ చిరగలేదు. సారు ఒక చొక్కా రెండు చేతులతో గుంజి చూసి, “ఇది కుట్టు గాదు, వెల్డింగు” అన్నారు. అంత మంచి మాట నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఇక ఆయన అడిగింది చెప్పాలి. ఇక్కడ ఒకసారి లేచి వెళ్లి వచ్చాను.

స్కూలుకూ రగ్బీ సంఘానికీ మధ్య ఒక కాగితం రాశారు. మైదానం స్కూలుది, నేర్పడం సంఘానిది, చొక్కాలు శేఠ్‌వి. కింద బాధ్యుల పేర్లకు రెండు గీతలు. మొదటి గీత మీద సారు సంతకం పెట్టారు. రెండో గీత తల్లుల తరఫున. కాగితం పట్టుకుని ఏడో మెట్టు దాకా ఎక్కి నిలబడ్డారు.

“గీడ నీ సంతకం.”

“నాతోటి గాదు సారూ.”

“ఏం గాదు? రాసుడు నీకొచ్చు. తల్లులు నీ మాట ఇంటరు.”

“మీటింగులుంటయి. మాట్లాడమంటరు. వేరేవాళ్లను సూడుండ్రి.”

ఆయన బలవంతం చేయలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు. “గీత ఖాళీగ ఉంచుత. నీకెప్పుడు కుదిరితె అప్పుడు పెట్టు. తొందరేం లేదు” అన్నారు.

తొందర ఉంది. మాకు తెలియలేదు.

రెండోసారి కరోనా వచ్చినప్పుడు మైదానానికి తాళం వేశారు. సారుకు మూడు రోజులు జ్వరం. నాలుగో రోజు పొద్దున ఆటో వచ్చింది. తనంతట తానే నడిచి ఎక్కారు. నేను పైన గుమ్మంలో ఉన్నాను. ఆటోలోంచి తల బయటికి పెట్టి, దగ్గుకుంటూ, ఎప్పటిలాగే అరిచారు. “బీ! బంతికి గాలి తగ్గుతది, జర సూస్తుండు.”

నేను తల ఊపాను. నోటితో ఏమీ అనలేదు. సరే సారూ అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆయనకు వినపడకపోయినా నేను అన్నట్టు ఉండేది.

ఆయన పోయాక బంతి అట్లాగే కొక్కేనికి వేలాడింది. ఎవరూ ముట్టలేదు. రోజుకొకంత మెత్తబడి, సంచిలో ఒక వైపుకు జారింది. గాలి పంపు మా ఇంట్లోనే ఉంది. దిగి వెళ్లి నాలుగుసార్లు కొడితే చాలు. ఏడో మెట్టు దాకా దిగేదాన్ని, తిరిగొచ్చేదాన్ని.

కొన్ని వారాలకు స్కూలు పెద్దసారు కబురు పంపారు. ఆయన గుజరాతీ మనిషి, మెత్తగా మాట్లాడతారు. కాగితం మీద ఉన్న బాధ్యుడు ఇప్పుడు లేరు కాబట్టి కొత్త పేరు కావాలి, శనివారం స్కూలు కమిటీ కూర్చుంటుంది, ఎవరూ రాకపోతే కాగితం రద్దు చేసి మైదానం మూసేస్తాం అని. అక్కడ టెంపోలు నిలుపుకుంటామని ఎవరో ఇప్పటికే అడిగారట.

మా ఆయన అన్నం తింటూ విన్నాడు. “నువ్వు పోయి మాట్లాడుతవా? నాతోటే మాట్లాడవ్” అన్నాడు. తర్వాత చేతిలో ముద్ద తిరిగి కంచంలో పెట్టాడు. “పో. ఆ చొక్కాల కుట్టు సూసినంక ఖాతల నిన్నందరు మెచ్చుకున్నరు. నేనే నీకు చెప్పలే” అన్నాడు.

శనివారం పొద్దుటి నుంచి నేను తిరిగిన తిరుగుడు దేవుడికే తెలియాలి. చెప్పాల్సింది హిందీలో నాలుగు మాటలు తయారుచేసుకున్నాను. కూరలో రెండుసార్లు ఉప్పు వేశాను. లక్ష్మక్క, మరో ఐదుగురు తల్లులు నాతో వచ్చారు. గదిలో బల్లకు అవతల కమిటీవాళ్లు, ఇవతల మేము. పెద్దసారు అడిగారు. “జవాబ్‌దారీ కౌన్ లేగా, బెహన్?”

బాధ్యత ఎవరిది అని. నా నాలుగు మాటలూ పోయాయి. లక్ష్మక్క మోచేత్తో పొడిచింది. ఇక ఆమే అందుకుంది. “హమ్ సబ్ హై సాబ్. లేకిన్ మేరేకో సంతకం నై ఆతా. అంగూఠా చలేగా?” కమిటీలో ఒకాయన నవ్వు ఆపుకున్నారు. పెద్దసారు వేలిముద్ర కుదరదు, రాతకోతలు ఉంటాయి అన్నారు. ఫైలు తెరిచి ఆ కాగితం తీశారు. మూసేస్తారేమో అనుకున్నాను. మూయలేదు. కళ్లద్దాలు పైకి జరిపి దగ్గరగా చూశారు.

రెండో గీత ఖాళీగానే ఉంది, పక్కన పెన్సిలుతో మీ మాస్టరు ఏదో రాశారు, నాకు తెలుగు రాదు, ఎవరి పేరు ఇది అని అడిగారు. కాగితం మా వైపు తిప్పారు. మా ఏడుగురిలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. లేచి బల్ల దాకా వెళ్లాను.

గీత పక్కన చిన్నగా ఒకే ఒక్క అక్షరం. బీ.

“క్యా లిఖా హై?”

“భీ” అన్నాను. ఆయన ముందుకు వంగారు. మాస్కు కిందికి లాగి మళ్లీ అన్నాను. “భీ లిఖా హై, సర్.”

“భీ? కౌన్ భీ?”

“మై” అన్నాను. “మై భీ.”

గొంతు గది గోడలకు తగిలి నాకే తిరిగొచ్చింది. వెనక లక్ష్మక్క “ఓయమ్మో!” అంది. పెద్దసారు పెన్ను ఇచ్చారు. గీత మీద నా పేరు రాశాను. ఆయన రబ్బరు తీసి పక్కనున్న పెన్సిలు అక్షరం చెరపబోయారు. “రహనే దో సర్” అన్నాను. ఉండనిచ్చారు.

ఇంటికొచ్చి నేరుగా కొక్కెం దగ్గరికి వెళ్లి, బంతి దించి, గాలి కొట్టాను. పెద్దమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆమె ఇంకా బయటికి వెళ్లడం లేదు. రేపు మైదానం తెరుస్తారని చెప్పాను. లోపలికి వెళ్లి ఒక రగ్గు తెచ్చింది. సారు చలికాలం కప్పుకునే ముదురు గోధుమరంగు రగ్గు. ఆయన ఆసుపత్రికి తీసుకెళ్లింది వేరేది. ఇది పెట్టెలో ఉండిపోయింది.

“అప్పుడు రగ్గు లేదన్నడట గద మీ సారు” అంది. “ఇగో, ఉన్నది. తీస్కపో.”

ఆదివారం బొంతల వరుసలో పదోదిగా ఆ రగ్గు పరిచాం. అది ఎవరిదో చెప్పలేదు, అయినా పిల్లలకు తెలిసింది. ఒక్కొక్కరే ఉరికొచ్చి దాని పక్కనున్న బొంతల మీద పడ్డారు, రగ్గును ఎవరూ తాకలేదు. నేను గోడ వెంట అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాను. విజిల్ లేదు కాబట్టి మేడమ్ చప్పట్లు కొడుతోంది.

పింకీ వంతు వచ్చింది. బంతి చంకలో పెట్టుకుని మైదానం చివరి నుంచి బయల్దేరింది. ఎప్పటిలాగే బొంతల దగ్గర ఆగుతుందనుకున్నాను, కూర్చుంటుంది, ఒరుగుతుంది అనుకున్నాను. ఆగలేదు. గడ్డం ఛాతీకి ఆనించి, భుజం ముందు పెట్టి, రగ్గు మీద ధడాలున పడి దొర్లింది. దొర్లిన చోటే వంగి బంతిని రెండు చేతులతో నేలకు ఆనించింది. లేవకుండా అట్లాగే ఉంది. లక్ష్మక్క ఎగతాళి చేయలేదు. నేను నడవడం ఆపానని నాకు కాసేపటికి గాని తెలియలేదు.

సాయంత్రం రగ్గు తిరిగిచ్చేముందు దులపబోతే పెద్దమ్మ వద్దంది. తనే తీసుకుని, వరండా కమ్మీ మీద, బంతి పక్కన ఆరేసింది. ఇప్పుడు గుమ్మంలోంచి కిందికి చూస్తే కనిపిస్తోంది. గోధుమరంగు రగ్గు నడుమ, మట్టితో పడిన చిన్న భుజం అచ్చు.